గడువు తీరిన విండోస్, తెరుచుకోని కంప్యూటర్: ఫార్మాట్ కంటే ముందు చేయవలసిన పని

చిక్కడపల్లిలో శుభలేఖలు డీటీపీ చేసే ఒక మిత్రుడి దుకాణంలో, ముహూర్తాలు దగ్గరపడి చేతినిండా పని ఉన్న ఒక ఉదయం, కంప్యూటర్ ఆన్ చేయగానే నీలిరంగు తెర వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఒక భాగానికి గడువు తీరిపోయిందని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో కాలం చెల్లిందన్న వార్త ఆయన అంతకుముందే విని ఉన్నారు కాబట్టి ఇది అదేనని నిశ్చయించుకున్నారు, మరమ్మతుకు వచ్చిన కుర్రవాడు కూడా అదేనన్నాడు. "అన్నా, విండోస్ ఎక్స్‌పైర్ అయిందంట, మొత్తం ఫార్మాట్ కొట్టాలంటున్నడు" అని ఆయన నాకు ఫోన్ చేసే సమయానికి పెన్‌డ్రైవ్ పెట్టడం కూడా అయిపోయింది. దయచేసి ఆపమని చెప్పి బయల్దేరాను. ఆ డిస్క్‌లో రెండేళ్ల శుభలేఖల ఫైళ్లు, ఇంకా ప్రింటుకు వెళ్లవలసిన పదకొండు పెళ్లిళ్ల కార్డులు ఉన్నాయి. సాయంత్రానికల్లా అవన్నీ భద్రంగా బయటికి వచ్చాయి. ఆ రోజు చేసిన పనిని, అదే లక్షణంతో కనిపించే ఇతర లోపాలను సరిచేసే పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మద్దతు ముగియడం వేరు, గడువు తీరడం వేరు

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కు 2023 జనవరి 10న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మద్దతు ముగియడమంటే ఆ తేదీ తరువాత కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు సవరణలు రావడం ఆగిపోతుందని మాత్రమే అర్థం. ఆ రోజుతో కంప్యూటర్ తెరుచుకోవడం ఆగదు, ఫైళ్లకు తాళం పడదు, ప్రోగ్రాములు మూతపడవు. కాబట్టి మామూలు విండోస్ 10 ఉన్న కంప్యూటర్ అక్టోబర్ తరువాత ఒక రోజు తెరుచుకోకపోతే, దానికి కారణం మద్దతు ముగియడం కాదని ముందే తేల్చుకోవచ్చు. డిస్క్ పాడై ఉండవచ్చు, విండోస్ కంటే ముందు మేల్కొని కంప్యూటర్‌ను లేపే బయోస్ సెట్టింగులు చెదిరి ఉండవచ్చు, లేదా మద్దతు పోయిందన్న కంగారులో ఎవరో విండోస్ 11 ఎక్కించబోయి సగంలో వదిలేసి ఉండవచ్చు.

యాక్టివేషన్ లేకపోవడం మరొక సంగతి. లైసెన్సు నమోదు కాని విండోస్ తెర మూలన ఒక హెచ్చరిక చూపిస్తుంది, వాల్‌పేపర్ వంటి కొన్ని సెట్టింగులను మార్చనివ్వదు. అంతకు మించి అది కంప్యూటర్‌ను ఆపదు.

నిజంగా గడియారం బిగించి ఉండేవి రెండు రకాలు. మొదటిది పరీక్షార్థం ఇచ్చే ఎవాల్యుయేషన్ ప్రతి. విండోస్ ఎంటర్‌ప్రైజ్ అయితే 90 రోజులు, విండోస్ సర్వర్ అయితే 180 రోజులు నడుస్తుంది. గడువు దాటాక డెస్క్‌టాప్ నల్లబడి, కంప్యూటర్ గంటకొకసారి దానంతట అదే ఆగిపోతూ ఉంటుంది. రెండవది మైక్రోసాఫ్ట్ ఇన్‌సైడర్ కార్యక్రమం ద్వారా విడుదలకు ముందే అందించే ప్రివ్యూ బిల్డ్, అంటే ఇంకా తయారీలో ఉన్న విండోస్ ప్రతి. ఇందులో ప్రతి బిల్డ్‌కూ ఒక చివరి తేదీ ముందే రాసి ఉంటుంది. ఆ తేదీ దగ్గరపడిన కొద్దీ హెచ్చరికలు వస్తాయి, దాటిన తరువాత కంప్యూటర్ కొన్ని గంటలకొకసారి రీస్టార్ట్ అవుతుంది, చివరికి అసలు తెరుచుకోదు. చిక్కడపల్లి దుకాణంలో ఉన్నది ఈ రెండవ రకమే. ఆ కంప్యూటర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, అమ్మినవారు ఏ విండోస్ ఎక్కించారో ఎవరూ చూడలేదు. డెస్క్‌టాప్ కుడివైపు కింది మూలన చిన్న అక్షరాల్లో ఎవాల్యుయేషన్ కాపీ అని (ప్రివ్యూ బిల్డ్‌ల మీద కూడా ఈ మాటే ఉంటుంది), పక్కన బిల్డ్ సంఖ్య నెలల తరబడి కనిపిస్తూనే ఉన్నా, అది విండోస్ అలంకారంలో భాగమని ఆయన అనుకున్నారు.

మీ కంప్యూటర్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే ఈ సంగతి ఇప్పుడే నిర్ధారించుకోవచ్చు. విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో విన్‌వర్ అన్న ఆరు ఇంగ్లీషు అక్షరాలను టైప్ చేసి ఎంటర్ నొక్కితే ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. బిల్డ్ సంఖ్యతో పాటు ఫలానా తేదీతో గడువు తీరుతుందన్న వరుస అందులో కనిపిస్తే, మీ దగ్గర ఉన్నది ప్రివ్యూ లేదా ఎవాల్యుయేషన్ ప్రతి. ఆ వరుస లేకపోతే ప్రివ్యూ బిల్డ్‌లకు ఉండే గడియారం మీ విండోస్‌కు లేదు.

ఏమీ నొక్కకముందు తెరను చదవండి

మొదటి పని ఫోన్‌తో తెరను స్పష్టంగా ఫోటో తీయడం. సందేశం మొత్తం, ఫైలు పేరు, అన్నిటికంటే కింద ఉన్న కోడ్ ఆ ఫోటోలో పడాలి. గడువు తీరిన ప్రివ్యూ బిల్డ్ అయితే ఫైలు పేరుగా విన్‌లోడ్ కనిపిస్తుంది, కోడ్ సున్నా, ఎక్స్, సీలతో మొదలై 0000605తో ముగుస్తుంది. ఈ కోడ్ ఉంటే విండోస్ ఫైళ్లు పాడు కాలేదని, డిస్క్ చదవడానికి వస్తోందని అర్థం. విండోస్‌ను లేపే ప్రోగ్రాము తన గడువును మదర్‌బోర్డు గడియారంతో పోల్చి చూసుకుని, ముందుకు వెళ్లకుండా ఆగిపోయింది. అందువల్లనే ఇక్కడ స్టార్టప్ రిపేర్ ఎన్నిసార్లు నడిపినా ప్రయోజనం ఉండదు, విండోస్‌ను లేపే దారి చూపే బూట్ రికార్డును తిరిగి రాసినా ఉండదు. పాడు కానిదాన్ని బాగు చేయడానికి ప్రయత్నించి చాలామంది ఒక పూట పోగొట్టుకుంటారు.

కోడ్ వేరైతే దారి కూడా వేరు. బూట్ చేయదగిన డిస్క్ ఏదీ దొరకలేదన్న సందేశం వస్తే డిస్క్ కేబులు ఊడి ఉండవచ్చు, డిస్క్ చచ్చిపోయి ఉండవచ్చు, లేదా బయోస్‌లో బూట్ వరుస మారి ఉండవచ్చు. బూట్ పరికరాన్ని అందుకోలేకపోయామన్న నీలి తెర వస్తే బయోస్‌లో డిస్క్ నడిచే పద్ధతి మారిందేమో చూడాలి. కంపెనీ లోగో కూడా రాకుండా తెర నల్లగా ఉండి బీప్ శబ్దాలు వస్తే విండోస్‌తో సంబంధమే లేదు, ర్యామ్ తీసి శుభ్రం చేసి మళ్లీ బిగించడంతో మొదలుపెట్టాలి. హార్డ్‌డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తూ ఉంటే మాత్రం కంప్యూటర్‌ను వెంటనే ఆపేయండి. ఆ స్థితిలో డిస్క్ తనిఖీ ప్రోగ్రాములు నడిపితే మిగిలిన కాస్త ప్రాణం కూడా పోతుంది, అది డేటా రికవరీ తెలిసినవారికి అప్పగించవలసిన పని.

తేదీని వెనక్కి జరపడానికి ముందు

గడువు తీరిన బిల్డ్‌కు మందు మదర్‌బోర్డు గడియారంలోని తేదీని గడువుకు ముందరి రోజుకు జరపడం. ఇది శాశ్వత పరిష్కారం కాదు, ఫైళ్లను బయటికి తెచ్చుకోవడానికి తలుపును కాసేపు తెరిచి పట్టుకోవడం వంటిది. అయితే బయోస్‌లో చేయి పెట్టడానికి ముందు ఒక్క విషయం తప్పనిసరిగా తేల్చుకోవాలి: డిస్క్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ అన్న విండోస్ ఏర్పాటు ఈ డిస్క్‌కు ఉందా? ఈమధ్య వచ్చిన లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన వెంటనే డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ కావడం సాధారణం, చాలామందికి ఆ సంగతి తెలియనే తెలియదు. తేదీ మార్చినంత మాత్రాన బిట్‌లాకర్ సాధారణంగా అడ్డు రాదు. కానీ నమ్మదగిన ప్రోగ్రాములతో మాత్రమే కంప్యూటర్‌ను తెరవనిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆపినా, బూట్ పద్ధతిని మార్చినా, బయోస్‌ను మొదటి స్థితికి తెచ్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉండే ఆ కీ లేకపోతే డిస్క్‌లో ఉన్నది మీ కళ్ల ముందే ఉన్నా మీకు దక్కదు, ఏ మరమ్మతుదారూ దాన్ని తెరవలేడు.

అందుకే ముందుగా ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, ఆ కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అయి, పరికరాల జాబితాలో ఈ కంప్యూటర్ పేరు కింద రికవరీ కీ ఉందేమో చూసి, ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే కీ ఆ సంస్థ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది, అటువంటి లాప్‌టాప్‌ను బయటి దుకాణానికి ఇవ్వకుండా వారినే అడగడం మంచిది. బయోస్‌లో టీపీఎం అనే భద్రతా చిప్‌ను క్లియర్ చేసే ఎంపిక కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. డిస్క్‌ను తెరిచే తాళంచెవి ఆ చిప్‌లోనే భద్రంగా ఉంటుంది.

ఇక బయోస్‌లోకి వెళ్లే మీట ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటుంది. డెల్, ఏసర్, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో మోడల్‌ను బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2, విడిభాగాలు కొని కూర్చిన డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా డిలీట్ మీట పనిచేస్తాయి. పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి ఆ మీటను వదలకుండా తడుతూ ఉండాలి, లోగో వచ్చాక నొక్కితే ఆలస్యమైపోవచ్చు. లోపల మొదటి పేజీలోనో, మెయిన్ అన్న విభాగంలోనో తేదీ, సమయం కనిపిస్తాయి. అక్కడ మరే సెట్టింగునూ కదపకుండా తేదీని మాత్రమే మార్చి, ఎఫ్10తో భద్రపరచి బయటికి రావాలి.

ఏ తేదీకి జరపాలన్నది కొంత ఆలోచించవలసిన విషయం. మరీ వెనక్కి, ఆ బిల్డ్ పుట్టకముందు తేదీకి జరిపితే కొత్త చిక్కులు వస్తాయి. కంప్యూటర్ చివరిసారి సక్రమంగా పనిచేసిన రోజు గుర్తుంటే దానికి ఒకటి రెండు నెలల ముందు తేదీ పెట్టండి. మా మిత్రుడి విషయంలో ఆయన బిల్లు పుస్తకమే సాక్ష్యమిచ్చింది, దాన్ని తిరగేసి, ఏ ఇబ్బందీ లేకుండా కార్డులు ప్రింటు చేసిన ఒక తేదీని ఎంచుకున్నాము. ఆ తేదీతో కంప్యూటర్ మామూలుగా తెరుచుకుంది.

ఆన్ చేసే ముందు ఇంటర్నెట్ కేబులు తీసేయండి, వైఫై అయితే రౌటర్‌ను ఆపేయండి. విండోస్ నెట్‌కు తగలగానే సరైన సమయాన్ని తెచ్చుకుని తేదీని దిద్దుకుంటుంది, దానితో తలుపు మళ్లీ మూసుకుపోతుంది. వెనకటి తేదీతో బ్రౌజర్ తెరిచినా వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవన్న హెచ్చరికలే వస్తాయి కాబట్టి, ఆ సమయంలో నెట్‌తో పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఫైళ్లను బయటికి తెచ్చుకోవడం

తెరుచుకున్న కంప్యూటర్‌ను చూసి ఊపిరి పీల్చుకుని పనిలో పడిపోవడం సహజమే కానీ, ఇక్కడ ఒక్క నిమిషం కూడా వేరే పనికి ఇవ్వకూడదు. బయటి హార్డ్‌డిస్క్‌ను తగిలించి, యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేయండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ తరువాత సీ డ్రైవ్‌లో నేరుగా పెట్టుకున్న ఫోల్డర్లను, డీ డ్రైవ్‌ను చూడండి. లెక్కలు ట్యాలీలో రాసేవారు డేటా ఫోల్డర్ ఎక్కడుందో ట్యాలీ తెరిచి, అది చూపించే దారిని బట్టి వెతికి తెచ్చుకోవాలి, ఎందుకంటే అది డాక్యుమెంట్స్‌లో ఉండకపోవచ్చు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులను, బుక్‌మార్కులను కూడా విడిగా ఎగుమతి చేసుకోండి.

తెలుగు డీటీపీ చేసేవారు మరచిపోయేది ఫాంట్లను. అను ఫాంట్లతో టైప్ చేసిన తెలుగు, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో ఉండదు. ఫైలు మీ దగ్గర ఉండి ఆ ఫాంట్ లేకపోతే, కొత్త కంప్యూటర్‌లో "చిరంజీవి", "సౌభాగ్యవతి" ఉన్నచోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బారులు తీరి కనిపిస్తాయి. ఆ దృశ్యం చూసి ఫైళ్లు పాడయ్యాయని తీసిపారేసినవారిని నేను ఎరుగుదును, నిజానికి ఆ ఫైళ్లకు ఏమీ కాలేదు. అందుకని విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్స్ ఫోల్డర్‌ను పూర్తిగా కాపీ చేసుకోండి, కీబోర్డు నడిపే ప్రోగ్రాము ఇన్‌స్టాలేషన్ సీడీ గానీ, దాని లైసెన్సు కోసం యూఎస్‌బీకి పెట్టే చిన్న తాళం గానీ ఉంటే ఎక్కడుందో అప్పుడే వెతికి పెట్టుకోండి. చిక్కడపల్లిలో కాపీ ముగిసిన తరువాత మేము ఒక కార్డు ఫైలును, దాని ఫాంట్లను మరో లాప్‌టాప్‌లోకి ఎక్కించి, తెరిచి, పెళ్లికూతురి పేరులోని వత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకున్న తరువాతే పాత డిస్క్ జోలికి వెళ్లాము. కాపీ అయిందని చూపించే పచ్చ గీతను నమ్మకుండా, నాలుగైదు ఫైళ్లను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడడం తప్పనిసరి.

తేదీ మార్చినా తెరుచుకోకపోతే ఫైళ్లకు మరో రెండు దారులు ఉన్నాయి. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను దించుకుని, 8 జీబీకి తగ్గని పెన్‌డ్రైవ్ మీద రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో రాసి, దానితో ఈ కంప్యూటర్‌ను తెరవవచ్చు. బూట్ మెనూ కోసం డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్ నొక్కాలి. అడిగినప్పుడు ఇన్‌స్టాల్ కాకుండా ప్రయత్నించి చూసే ఎంపికనే తీసుకోండి, అప్పుడు అది డిస్క్ మీద ఏమీ రాయదు. విండోస్ సరిగ్గా మూతపడకపోయి ఉంటే ఉబుంటు ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరవవచ్చు, కాపీ చేసుకోవడానికి అది చాలు. బిట్‌లాకర్ ఉన్న డిస్క్ అయితే ఇక్కడ కూడా రికవరీ కీ కావాలి.

రెండవ దారి డిస్క్‌నే విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించడం, డెస్క్‌టాప్ ఉన్నవారికి ఇదే తేలిక అని నా అభిప్రాయం. పాత హార్డ్‌డిస్క్‌కు, రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీకి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబులు, పుల్లలా సన్నగా ఉండే ఎం.2 రకానికి దాని కోసమే చేసిన డబ్బా కావాలి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే బజారులో, ఇవి సులభంగా దొరుకుతాయి. మూడున్నర అంగుళాల డిస్క్ అయితే యూఎస్‌బీ కరెంటు ఒక్కటే చాలదు కాబట్టి, విడిగా అడాప్టర్ ఉన్న కేబులు అడిగి తీసుకోండి.

గడువు కారణం కానప్పుడు

ఇలాంటి కంప్యూటర్లలో నేను ఎక్కువగా చూసిన కారణం విండోస్ కాదు, మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ. కంప్యూటర్‌కు కరెంటు అందుతున్నంత సేపూ ఈ బ్యాటరీకి పెద్దగా పని ఉండదు. వేసవి సెలవులకు ఊరికి వెళుతూ గోడ దగ్గర స్విచ్ ఆపేసి నెలన్నర తరువాత వచ్చి ఆన్ చేస్తే, అయిదారేళ్లు వాడిన బ్యాటరీ ఆ నెలన్నరలోనే పూర్తిగా నీరసించి ఉంటుంది. అప్పుడు తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి వెళుతుంది, ఎఫ్1 నొక్కమన్న సందేశం వస్తుంది, దానితో పాటు బయోస్ సెట్టింగులన్నీ మొదటి స్థితికి జారిపోతాయి. చేటు చేసేది ఈ చివరిదే. విండోస్ ఎక్కించినప్పుడు బూట్ పద్ధతి పాత రకమైన లెగసీలో ఉండి ఇప్పుడు కొత్త రకమైన యూఈఎఫ్ఐకి మారినా, డిస్క్ నడిచే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో ఐడీఈకో మారినా, నిన్నటిదాకా నడిచిన విండోస్ ఇవాళ తెరుచుకోదు. ఆ సెట్టింగును పాత స్థితికి తెస్తే ఒక్క నిమిషంలో సరైపోయేదాన్ని గడువు తీరిందని చెప్పి ఫార్మాట్ చేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

బ్యాటరీ మార్చడం ఇంట్లోనే చేసుకోగలిగిన పని. ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, పక్కనున్న చిన్న లోహపు నాలుకను గోటితో పక్కకు నెడితే పాతది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది నొక్కితే సరిపోతుంది. గడియారాల దుకాణాల్లో కూడా ఇది దొరుకుతుంది. తరువాత బయోస్‌లో తేదీతో పాటు బూట్ పద్ధతిని, డిస్క్ పద్ధతిని కూడా సరిచూసుకుని, ఆ పేజీలను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

విండోస్ 10 మద్దతు ముగిసిందని పాత కంప్యూటర్ల మీద తనిఖీలను తప్పించి విండోస్ 11ను ఎక్కించడం మరో కారణం. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ సామర్థ్యం, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా తరువాతి ప్రాసెసర్ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. టీపీఎం తనిఖీని దాటవేసినా, 24హెచ్2 అన్న వెర్షన్ నుంచి కొన్ని ప్రాసెసర్ ఆదేశాలు తప్పనిసరి అయ్యాయి. అవి లేని కోర్ 2 డుయో కాలపు యంత్రాలు ఆ వెర్షన్‌తో తెరుచుకోవు. అక్కడ బయోస్‌లో ఏది మార్చినా ఫలితం ఉండదు, ఫైళ్లు తీసుకుని తిరిగి విండోస్ 10కో, ఉబుంటుకో వెళ్లవలసిందే. ప్రాసెసర్ సరిపోయి, అప్‌గ్రేడ్ తరువాతే చిక్కు మొదలైతే మాత్రం పది రోజుల లోపల వెనక్కి వెళ్లే అవకాశం ఉంది. లోగో కనిపించగానే పవర్ బటన్‌ను నొక్కి పట్టుకుని ఆపడం వరుసగా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది, అందులో ట్రబుల్‌షూట్ కింద పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే ఎంపికను, లేదా ఆఖరి అప్‌డేట్‌ను తొలగించే ఎంపికను చూడండి.

నకిలీ యాక్టివేషన్ కోసం లోడర్ పేరుతో ఇచ్చే ప్రోగ్రాములు విండోస్ 7 రోజుల్లో బూట్ రికార్డునే మార్చేవి. ఆ రికార్డు చెదిరితే అసలు విండోస్ పెన్‌డ్రైవ్‌తో తెరిచి బూట్ రికార్డును తిరిగి రాయాలి. అటువంటి ప్రోగ్రాములను మీ కంప్యూటర్ మీద నడపనివ్వవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

2026లో సెక్యూర్ బూట్ గడువు అన్న మాట కూడా వినిపిస్తోంది. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లకు 2026 జూన్ నుంచి గడువు తీరడం మొదలవుతుంది, వాటి స్థానంలో 2023 నాటివి అప్‌డేట్ల ద్వారా వస్తున్నాయి. పాతవి ఉన్నంత మాత్రాన కంప్యూటర్ తెరుచుకోవడం ఆగదు. కొత్త సర్టిఫికెట్లు వచ్చిన తరువాత బయోస్‌లో సెక్యూర్ బూట్ కీలను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చితే మాత్రం ఆగే ప్రమాదం ఉంది కాబట్టి ఆ ఎంపికను వదిలేయండి.

విండోస్‌ను మళ్లీ ఎక్కించడం

ఫైళ్లన్నీ మరో చోట తెరుచుకున్నాయని చూసుకున్న తరువాతే ఈ పని మొదలుపెట్టాలి. ముందుగా బయోస్‌లో నేటి తేదీని తిరిగి పెట్టండి. గడువు తీరిన ప్రివ్యూ బిల్డ్ నుంచి మామూలు విడుదలకు ప్రోగ్రాములతో సహా దిగడం సాధారణంగా కుదరదు, శుభ్రంగా ఎక్కించుకోవాలి. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌ను దించుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేయండి. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఏ ప్రతి ఉందో మీకు తెలియదు, మా మిత్రుడి కష్టాలన్నీ మొదలైంది అలా ఏ ప్రతో తెలియని విండోస్‌తోనే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్ల జాబితాలో సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకుండా అలాగే ఎంచుకుంటే, పాత విండోస్, పాత యూజర్ ఫోల్డర్లు విండోస్.ఓల్డ్ అన్న ఫోల్డర్‌లోకి చేరతాయి. కాపీలో ఏదైనా మరిచిపోయి ఉంటే వెతుక్కోవడానికి ఇది రెండో అవకాశం. అయితే దాన్నే బ్యాకప్ అనుకోకూడదు, డిస్క్ శుభ్రం చేసే ప్రోగ్రాము ఎప్పుడైనా తీసివేస్తుంది.

లైసెన్సు కీ అడిగినప్పుడు కంగారు పడనక్కరలేదు. విండోస్ 8 కాలం నుంచి వచ్చిన చాలా లాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, డిజిటల్ లైసెన్సు కూడా యంత్రంతో ముడిపడి ఉంటుంది. లాప్‌టాప్‌తో వచ్చిన ఎడిషన్‌నే, అంటే హోమ్ అయితే హోమ్‌నే ఎక్కించి నెట్ ఇస్తే అది దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. ఎవాల్యుయేషన్ ప్రతులు ఎంటర్‌ప్రైజ్‌వి కాబట్టి అవి నడిచిన యంత్రంలో మళ్లీ ఎంటర్‌ప్రైజ్ ఎక్కిస్తే మీ హోమ్ లైసెన్సు దానికి వర్తించదు.

విండోస్ 11కు తగని యంత్రం మీద విండోస్ 10 22హెచ్2 ఎక్కిస్తే, సెట్టింగుల్లోని విండోస్ అప్‌డేట్ పేజీలో పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకునే అవకాశం ఉంది. గృహ వినియోగదారులకు ఇవి 2026 అక్టోబర్ 13 వరకు అని ప్రకటించారు, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను బ్యాకప్ చేసుకునేవారికి రుసుము కూడా లేదు. డీటీపీకి మాత్రమే వాడే పాత యంత్రాన్ని నెట్‌కు తగిలించకుండా నడపడం కూడా సమంజసమైన నిర్ణయమే, అప్పుడు పెన్‌డ్రైవ్‌ల మీద జాగ్రత్త పెంచాలి.

అంతా అయ్యాక మళ్లీ ఒకసారి విన్‌వర్ నడిపి, గడువు తేదీ వరుస లేదని చూసుకోండి. చిక్కడపల్లిలో ఆ కిటికీ తెరిచి చూపించినప్పుడు మా మిత్రుడు దాన్ని రెండుసార్లు చదివి, ఫాంట్ల ఫోల్డర్ ఉన్న బయటి డిస్క్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి, ఆగిపోయిన కార్డును తెరిచారు.